గీతకు ఇరువైపులా: బళ్ళారి సరిహద్దు సీమలో మెదడు, వెన్ను కణితుల రేడియేషన్ వైద్యశిక్షణ

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన నాడు పాత బళ్ళారి జిల్లా మీదుగా ఒక గీత పడింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో నిలిచాయి. బళ్ళారి పట్టణంతో సహా మిగిలిన ఏడు తాలూకాలు మైసూరు (నేటి కర్ణాటక) రాష్ట్రంలో చేరాయి. ఎనిమిదేళ్ళ తరువాత, 1961లో, బళ్ళారిలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆరంభమైనప్పుడు దాని ఆసుపత్రి ఆ గీతకు ఇరువైపుల ప్రజలకూ ఆశ్రయమైంది. పరిపాలన సరిహద్దు ఎక్కడున్నా జబ్బుపడిన మనిషి దగ్గర దారినే వెతుక్కొంటాడు కనుక, ఇటు సిరుగుప్ప రైతూ అటు ఆలూరు రైతూ అదే ఓ.పి. వరుసలో నిలబడటం ఈ సీమలో సహజమైపోయింది. తరువాతి కాలంలో విజయనగర వైద్య విజ్ఞాన సంస్థగా, జనం నోట ‘విమ్స్’గా పేరుపొంది, ఇటీవల బళ్ళారి వైద్య కళాశాల, పరిశోధన కేంద్రమనే పేరు ధరించిన ఈ సంస్థ అరవై యేళ్ళు దాటిన సందర్భంలో, వైద్యవిద్యలోని అతి సూక్ష్మమైన శాఖలలో ఒకటైన మెదడు, వెన్ను కణితుల రేడియేషన్ చికిత్సను యువ వైద్యులకు నేర్పే సంప్రదాయం ఈ సీమ చుట్టూ ఎలా పెరిగిందో స్మరించుకోవడం ఉచితం. ఈ శిక్షణ ఏ ఒక్క సంస్థ గోడల మధ్యా పూర్తయ్యేది కాదనీ, రోగి నడిచే దారి పొడవునా పరచుకొని ఉన్నప్పుడే అది ఫలిస్తుందనీ ఆ చరిత్ర చెబుతుంది.

మద్రాసు నుంచి మొదలైన దారి

విల్హెల్మ్ రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నది 1895లో. క్యూరీ దంపతులు రేడియాన్ని గుర్తించింది 1898లో. మూడేళ్ళ వ్యవధిలో వెలువడిన ఈ రెండు ఆవిష్కరణలూ శరీరం లోపలికి చూడటానికీ, లోపలి కణితిని కత్తి పెట్టకుండా అణచడానికీ ఒకేసారి దారి తీశాయి. ఆనాడు బళ్ళారి మద్రాసు ప్రెసిడెన్సీలోని జిల్లా కావడం వల్ల ఈ విద్య ఇక్కడివారికి చేరువైంది కూడా మద్రాసు మీదుగానే. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో 1934లో ప్రారంభమైన బర్నార్డ్ రేడియాలజీ సంస్థ దక్షిణాదిలో ఈ శాఖకు తొలి పెద్ద పాఠశాలగా నిలిచింది. చిత్రాలు తీసి రోగం చెప్పే పనీ, కిరణాలతో రోగం మాన్పే పనీ అప్పట్లో ఒకే శాఖగా ఉండేవి. రోగనిర్ణయ రేడియాలజీ, రేడియోథెరపీ వేర్వేరు పట్టాలుగా విడిపోయింది తరువాతనే. డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి పట్టుదలతో 1954లో అడయారులో వెలసిన క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ కొద్ది యేళ్ళకే దేశంలో తొలి కోబాల్ట్ యంత్రాన్ని నెలకొల్పింది. కోబాల్ట్-60 అనే కృత్రిమ ఐసోటోపు వెలువరించే గామా కిరణాలు పాత ఎక్స్ కిరణ యంత్రాలకంటే లోతుగా చొచ్చుకుపోవడం వల్ల, పుర్రె వెనుక దాగిన కణితికి తగిన మోతాదు అందించడం అప్పటినుంచి సులభమైంది.

మెదడు శస్త్రచికిత్స కూడా ఆ కాలంలోనే దక్షిణాదిలో వేళ్ళూనింది. మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ వద్ద శిక్షణ పొందిన డాక్టర్ జేకబ్ చాందీ 1949లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలోనూ, డాక్టర్ బి. రామమూర్తి 1950లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలోనూ న్యూరోసర్జరీ విభాగాలను ఆరంభించారు. హైదరాబాదులో 1955లో స్థాపితమై, ఇప్పుడు మెహదీ నవాజ్ జంగ్ పేరుతో నడుస్తున్న ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం తెలుగు ప్రాంతానికి ఈ విద్యలో ప్రధాన పీఠమైంది. బెంగళూరులో 1973లో కిద్వాయి క్యాన్సర్ సంస్థ ఏర్పడింది. మరుసటి ఏడు డిసెంబరులో పాత మానసిక వైద్యాలయం, అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ కలిసి నిమ్హాన్స్‌గా రూపొందాయి. కణితిని తీసే శస్త్రవైద్యులూ, మిగిలినదాన్ని కిరణాలతో అణచే వైద్యులూ ఇరుగుపొరుగు ప్రాంగణాలలో ఉండటం కర్ణాటకలోని రెసిడెంట్ వైద్యులకు దక్కిన అరుదైన సౌకర్యం. రెసిడెంట్ అంటే ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసి, ఆసుపత్రిలో రాత్రింబవళ్ళు బాధ్యత మోస్తూ మూడేళ్ళపాటు ఎం.డి. చదివే వైద్యుడని ఇక్కడ గ్రహించాలి.

బళ్ళారి ఇచ్చిన పునాది

బళ్ళారి కళాశాల ఈ సంప్రదాయానికి ఇచ్చిన మొదటి కానుక మంచి పునాది. రేడియేషన్ ఆంకాలజీ అనే ఉన్నత శిక్షణకు వెళ్ళే విద్యార్థి ఎక్కడికి వెళ్ళినా, పక్షవాతానికీ కణితికీ తేడాను తొలిసారి గుర్తించేది ఎం.బి.బి.ఎస్. నాటి వార్డులోనే. మోకాలి మీద సుత్తి తట్టి, కాలు ఎంత ఎగిరిందో చూసి, వెన్నుపాములో ఒత్తిడి ఏ మట్టాన ఉందో ఊహించడం నేర్చుకొనేదీ అక్కడే. 1996లో రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞానాల విశ్వవిద్యాలయం ఏర్పడి రాష్ట్రంలోని వైద్య కళాశాలలను ఒకే పరీక్షా విధానంలోకి తెచ్చింది. 2012లో ఆమోదం పొందిన 98వ రాజ్యాంగ సవరణ 371(జె) అధికరణాన్ని చేర్చి, స్వాతంత్ర్యం నాటికి నిజాం పాలనలో లేని బళ్ళారిని కూడా హైదరాబాదు-కర్ణాటక ప్రాంతంలో భాగంగా పరిగణించింది. దాని నియమాల ప్రకారం స్థానిక విద్యార్థులకు ప్రాంతంలోని సంస్థలలో 70 శాతం, రాష్ట్రంలోని తక్కిన సంస్థలలో 8 శాతం సీట్లు ప్రత్యేకించారు. ప్రధానమంత్రి స్వాస్థ్య సురక్షా యోజన మూడవ దశలో అతివిశేష వైద్య విభాగాల విస్తరణకు ఎంపికైన కళాశాలల్లో బళ్ళారి ఉండటం, పొరుగున అనంతపురం కూడా అదే దశలో చేరడం, గీతకు ఇరువైపులా ఒకే అవసరం ఉన్నదని ప్రభుత్వాలు గుర్తించాయనడానికి నిదర్శనం.

మరో గీత: కణితి చుట్టూ

రేడియేషన్ వైద్యంలో రెసిడెంటు నేర్చుకొనే మొదటి పెద్ద విద్య గీత గీయడం. పడకలో కదలకుండా ఉండేందుకు వేడి నీటిలో మెత్తబరిచిన ప్లాస్టిక్ జల్లెడను రోగి ముఖానికి అచ్చుగా ఒత్తి మాస్క్ తయారుచేస్తారు. ఆ మాస్క్‌తోనే సీటీ తీసి, ఎమ్మారై చిత్రాలను దానితో జతపరచి, కంప్యూటరు తెరపై పొర పొరకూ కణితి అంచును చేతితో గుర్తిస్తారు. దీన్నే కాంటూరింగ్ అంటారు. కంటికి కనిపించే కణితి జీటీవీ. కంటికి కనిపించకపోయినా కణాలు పాకి ఉండగల పరిసరం సీటీవీ. రోజువారీ పడకలో మిల్లీమీటర్ల తేడా వస్తుందని అంచనా వేసి కలిపే చివరి అంచు పీటీవీ. గ్లియోబ్లాస్టోమా వంటి దూకుడు కణితికి కనిపించే అంచుకు అవతల సాధారణంగా ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల వరకు సీటీవీ గీస్తారు. అయితే ఆ గీత యాంత్రికంగా పెరిగే వలయం కాదు: కణితి ఎముకను దాటదు గనుక అక్కడ గీతను లోపలికి జరపాలి, రెండు అర్ధగోళాలను కలిపే తెల్లని నరతంతువుల వారధి మీదుగా అది అవతలి వైపుకు పాకగలదు గనుక అక్కడ గీతను విస్తరించాలి. శరీరనిర్మాణ శాస్త్రం మొదటి ఏడాది పాఠం కాదనీ, జీవితాంతం చదవవలసిన పుస్తకమనీ రెసిడెంటుకు అర్థమయ్యేది ఈ పనిలోనే.

గీత గీశాక మోతాదు ప్రశ్న వస్తుంది. ఒక కిలోగ్రాము కణజాలం ఒక జౌల్ శక్తిని గ్రహిస్తే ఒక గ్రే అంటారు. మొత్తం మోతాదును ఒక్కసారిగా ఇవ్వకుండా రోజుకు కొంచెంగా విడతల్లో ఇస్తారు. ఎందుకంటే దెబ్బతిన్న ఆరోగ్యకణాలు మరునాటి లోపు తమను తాము బాగుచేసుకోగలవు, కణితి కణాలకు ఆ నేర్పు తక్కువ. గ్లియోబ్లాస్టోమాకు 60 గ్రేలను 30 విడతల్లో, వారానికి అయిదు రోజుల చొప్పున ఆరు వారాలు ఇవ్వడం ప్రామాణిక పద్ధతి. దానికి తోడు టెమోజొలొమైడ్ అనే మాత్ర వాడినప్పుడు రెండేళ్ళు జీవించినవారి శాతం 10.4 నుంచి 26.5కు పెరిగిందని రోజర్ స్టుప్ బృందం 2005లో ప్రకటించింది. ఈ అంకెలను రెసిడెంటు కంఠస్థం చేయడంతో సరిపోదు. కంటినరాలకు సుమారు 54 గ్రేలు, మెదడుకాండానికి అంతే, వెన్నుపాముకు 45 నుంచి 50 గ్రేలు మించకూడదన్న హద్దులను ప్రతి ప్లానులోనూ తానే సరిచూసుకోవాలి. కణితిని వదిలిపెడితే ప్రాణం పోతుంది, హద్దు దాటితే చూపో నడకో పోతుంది. ఈ రెంటి నడుమ నిర్ణయం తీసుకొనే నిబ్బరం రావడానికే మూడేళ్ళ శిక్షణ.

కోబాల్ట్ కాలంలో ఈ పని చేతిలెక్కలతో సాగేది. ఎక్స్‌రే ఫిల్ము మీద పుర్రె ఎముకల గుర్తులను ఆధారం చేసుకొని క్షేత్రం గీసి, కళ్ళను కాపాడేందుకు సీసపు దిమ్మెలను మోల్డ్ రూములో పోతపోసేవారు. ఇప్పుడు లీనియర్ యాక్సిలరేటర్ అనే యంత్రం, అంటే ఎలక్ట్రాన్లను అతివేగానికి తీసుకువెళ్ళి శక్తిమంతమైన ఎక్స్ కిరణాలను పుట్టించే యంత్రం, సన్నని లోహపు రేకులను కదిలిస్తూ కణితి ఆకారానికి తగినట్టు కిరణపుంజాన్ని మలుస్తుంది. స్వీడన్ శస్త్రవైద్యుడు లార్స్ లెక్సెల్ 1951లో ప్రతిపాదించిన రేడియోసర్జరీ, అంటే చిన్న కణితిపై అనేక దిక్కులనుంచి సన్నని కిరణాలను కేంద్రీకరించి ఒకటి నుంచి కొద్ది విడతల్లోనే ముగించే పద్ధతి, నేటి శిక్షణలో ఒక భాగం. అయినా అనుభవజ్ఞులైన ఆచార్యులు పాత చేతిలెక్కను నేర్పడం మానలేదు. కంప్యూటరు చూపిన మోతాదు పొరపాటేమో అని అనుమానించగలగడానికి చేతిలెక్క మంచి ఆధారం. ఛాతీకి పెట్టుకొనే టీఎల్‌డీ బ్యాడ్జి, అంటే సిబ్బందికి తగిలిన కిరణ మోతాదును కొలిచే బిళ్ళ, అయిదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులను మించరాదన్న అణుశక్తి నియంత్రణ మండలి నియమం, మెడికల్ ఫిజిసిస్టుతో కలిసి యంత్రాన్ని ఉదయాన్నే పరీక్షించే అలవాటు కూడా ఈ విద్యలో అంతర్భాగాలే.

వెన్ను: గంటలతో పందెం

రొమ్ము, ఊపిరితిత్తులు, ప్రోస్టేటు వంటి చోట్ల పుట్టిన క్యాన్సర్ వెన్నుపూసలోకి పాకి, పూస కుంగి వెన్నుపామును నొక్కడం అత్యవసర స్థితి. రాత్రివేళ పడుకొన్నా తగ్గని నడుమునొప్పి, కాళ్ళు తేలిపోతున్నట్టు అనిపించడం, మూత్రం బిగబట్టుకుపోవడం దీని లక్షణాలు. చికిత్స మొదలయ్యే నాటికి నడవగలుగుతున్న రోగి తరువాత కూడా నడిచే అవకాశం ఎక్కువ. కాళ్ళు పూర్తిగా పడిపోయాక వచ్చిన రోగికి ఆ అవకాశం బాగా తగ్గిపోతుంది. ఒకేచోట ఒత్తిడి ఉన్న రోగులలో ముందు శస్త్రచికిత్స చేసి తరువాత రేడియేషన్ ఇచ్చినప్పుడు 84 శాతం, రేడియేషన్ మాత్రమే ఇచ్చినప్పుడు 57 శాతం నడవగలిగారని 2005లో ప్రచురితమైన ప్యాచెల్ బృందపు అధ్యయనం తెలిపింది. కనుక డెక్సామెథసోన్ సూది వేసి, ఎమ్మారై తీయించి, శస్త్రవైద్యునితోనూ రేడియేషన్ వైద్యునితోనూ అదే రోజు మాట్లాడటం సంపూర్ణ శిక్షణ పొందిన వైద్యుని లక్షణం. తాలూకా ఆసుపత్రిలోని వైద్యునికి ఈ సంగతి తెలియకపోతే నగరంలోని అత్యుత్తమ యంత్రం కూడా ఆ కాళ్ళను నిలబెట్టలేదు.

సరిహద్దు సీమలో ఈ నిర్ణయానికి మరో చిక్కు ఉంది. ఇక్కడ వెన్నుపామును నొక్కేది క్యాన్సర్ ఒక్కటే కాదు. వెన్నుపూస క్షయ ఈ దేశంలో తరచుగా కనిపించే జబ్బు. బళ్ళారిలోని వెల్లెస్లీ క్షయ చికిత్సాలయం ఆ రోగంతో ఈ ప్రాంతం సాగించిన దీర్ఘ పోరాటానికి గుర్తు. మరొకటి ఫ్లోరోసిస్. భూగర్భజలంలో ఫ్లోరైడు అధికంగా ఉన్న బళ్ళారి, అనంతపురం, కర్నూలు ప్రాంతాలలో ఎముకలు మందమై వెన్నునాళం ఇరుకైపోవడం వైద్యులకు తెలిసిన విషయమే. ఈ వ్యాధి ఎముకలనూ నరాలనూ ఎలా దెబ్బతీస్తుందో హెచ్.ఇ. షార్ట్ బృందం 1937లో నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా రోగులను పరిశీలించి లోకానికి తెలియజేసింది. మెదడులోనూ అంతే: క్షయ గడ్డ, పంది బద్దెపురుగు లార్వా కట్టే తిత్తి చిత్రంలో కణితిలాగే కనిపించవచ్చు. కణజాల పరీక్ష లేకుండా కిరణాలు పెట్టడం ఎంత ప్రమాదమో పాశ్చాత్య గ్రంథం కంటే ఈ వార్డులే రెసిడెంటుకు బాగా నేర్పుతాయి. ఈ సీమ ఇచ్చే ప్రత్యేక విద్య ఇదే. దీన్ని కళాశాల తన బోధనా సంపదగా భావించడం న్యాయం.

పసిపిల్లల వెన్ను వెంట

శిక్షణలో అన్నిటికంటే కఠినమైన అధ్యాయం మెడుల్లోబ్లాస్టోమా. చిన్నమెదడులో పుట్టి, వెన్నునీటి వెంట మెదడు, వెన్నుపాము పొడవునా విత్తనాల్లా చల్లుకొనే ఈ కణితి ఎక్కువగా పిల్లలకు వస్తుంది. మెదడునూ వెన్నునూ కలిపి మొత్తంగా కిరణాలు పెట్టాలని మాంచెస్టర్‌కు చెందిన పేటర్సన్, ఫార్ 1953లో చూపించాక ఈ జబ్బు నయమయ్యే జబ్బుల జాబితాలోకి వచ్చింది. ముప్పు మధ్యస్థంగా ఉన్నప్పుడు మందులతోపాటు మెదడంతటికీ వెన్ను పొడవునా 23.4 గ్రేలు, ఎక్కువగా ఉన్నప్పుడు 36 గ్రేలు ఇచ్చి, కణితి ఉన్న చోటును 54 గ్రేల దాకా పెంచుతారు. తల క్షేత్రమూ వెన్ను క్షేత్రమూ కలిసే చోట ఒకదానిపై ఒకటి పడితే వెన్నుపాము మాడిపోతుంది, ఎడం వస్తే కణితి మిగిలిపోతుంది. అందుకే ఆ కూడలిని చికిత్స మధ్యలో పలుమార్లు జరుపుతారు. చికిత్స తరువాత బిడ్డ ఎత్తు, హార్మోన్లు, వినికిడి, చదువు ఏళ్ళ తరబడి కనిపెట్టి ఉండాలన్న బాధ్యతను కూడా రెసిడెంటు చికిత్స మొదటి రోజునే స్వీకరించాలి.

కణితులకు పేరు పెట్టే విధానం కూడా మారింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నాటి వర్గీకరణ ప్రకారం సూక్ష్మదర్శినిలో కనిపించే రూపంతోపాటు ఐడీహెచ్ వంటి జన్యువుల మార్పులను కూడా పరిశీలించి కణితి రకాన్ని నిర్ణయించాలి. మందుల వైపు చూస్తే, భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలోని పరిశోధకులు రూపొందించిన మెథోట్రెక్సేట్, మెదడులో పుట్టే లింఫోమాకు నేటికీ ప్రధాన ఔషధం. దాని వల్లే అనేక మంది రోగులకు మెదడంతటికీ కిరణాలు పెట్టే అవసరం తప్పుతోంది.

‘కరెంటు పెట్టడం’: భాష, దూరం, కార్డు

ఈ సీమ ప్రజలు రేడియేషన్ చికిత్సను ‘కరెంటు పెట్టడం’ అంటారు. ఆ మాట వినగానే తలకు విద్యుత్తు తగిలిస్తారని వణికిపోయే రోగికి, ఈ కిరణాలు నొప్పి కలిగించవనీ, ఎక్స్‌రే తీసినట్టే కొద్ది నిమిషాల్లో పని పూర్తవుతుందనీ, ఇంటికి వెళ్ళి బిడ్డను ఎత్తుకొంటే బిడ్డకు ఏ హానీ కలగదనీ అతని భాషలో చెప్పగలగడం చికిత్సలో మొదటి విడత. బళ్ళారి వార్డుల్లో కన్నడం, తెలుగు, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. బళ్ళారి రాఘవ వంటి మహానటుణ్ణి తెలుగు, కన్నడ రంగస్థలాలు రెండూ తమవాడిగా భావించిన ఊరిలో వైద్య విద్యార్థి రెండు భాషలూ నేర్చుకోవడం భారం కాదు, వారసత్వం. నయం కాని కణితి విషయంలో ఎంతకాలం మిగిలిందో చెప్పవలసిన ఘడియలో ఆ వారసత్వం విలువ బోధపడుతుంది.

దూరం కూడా వైద్యనిర్ణయంలో భాగమే. బళ్ళారి నుంచి బెంగళూరు సుమారు 300 కిలోమీటర్లు. ఆరు వారాల చికిత్స అంటే రోగితోపాటు మరొకరు కూలి మానుకొని నగరంలో ఉండటం. వయసు మళ్ళిన, బలహీనమైన గ్లియోబ్లాస్టోమా రోగులకు 40 గ్రేలను 15 విడతల్లో ముగించే పొట్టి క్రమం తగినదని అధ్యయనాలు చూపాయి. ఆయుష్షు తక్కువగా ఉన్న వెన్ను రోగులలో ఒకే విడతలో 8 గ్రేలు ఇచ్చినప్పుడు ఎనిమిది వారాలకు 69.3 శాతం, అయిదు విడతల్లో 20 గ్రేలు ఇచ్చినప్పుడు 72.7 శాతం నడవగలిగారని 2019లో వెలువడిన స్కోరాడ్ అధ్యయనం తెలిపింది. రెండూ సమానమని గణాంక నియమం ప్రకారం తేల్చడానికి ఆ ఫలితం కొద్దిలో చాలకపోయినా, దూరపు పల్లె రోగికి ఒక్కరోజు చికిత్స ఎంత ఊరటో రెసిడెంటు తూచుకోవాలి. కర్ణాటకలో 2010లో గుల్బర్గా విభాగంలో ఆరంభమైన వాజపేయి ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పేదలకు ఈ చికిత్సల తలుపులు తెరిచాయి. అయితే కార్డు ఏ రాష్ట్రానిదో, ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో తెలిసి రోగిని సరైన చోటికి తొలిసారే పంపగలగడం సరిహద్దు వైద్యునికి మందు రాయడమంత ముఖ్యమైన నైపుణ్యం.

ముందున్న దారి

2020లో వచ్చిన సవరణ నియమాలు ప్రతి పీజీ వైద్య విద్యార్థీ మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలని నిర్దేశించాయి. ఈ జిల్లా రెసిడెన్సీ పథకం సరిహద్దు సీమకు వచ్చిన మంచి అవకాశం. పెద్ద కేంద్రంలో కాంటూరింగ్ నేర్చుకొంటున్న రెసిడెంటు ఇలాంటి జిల్లాలో మూడు నెలలు గడిపితే, తాను తెరపై చూసే చిత్రం వెనుక ఎన్ని వారాల నడుమునొప్పి, ఎన్ని ఊళ్ళ ప్రయాణం ఉన్నాయో చూస్తాడు. జిల్లాలోని యువ వైద్యులు అతని వద్ద వెన్నుపాము ఒత్తిడిని ముందుగా పసిగట్టే నేర్పును అందుకొంటారు. క్షయ, ఫ్లోరోసిస్, కణితి మధ్య తేడాను పట్టుకొనే విద్యను అతనికి తిరిగి ఇస్తారు. శస్త్రవైద్యుడు, రేడియేషన్ వైద్యుడు, పాథాలజిస్టు కలిసి ఒక్కో రోగి గురించి చర్చించే ట్యూమర్ బోర్డులో ఈ కళాశాల వైద్యులు కూడా వీడియో ద్వారా కూర్చొనే ఏర్పాటు స్థిరపడితే ఆ ఇచ్చిపుచ్చుకోలు ఏడాది పొడవునా సాగుతుంది.

అరవై యేళ్ళకు పైగా ఈ కళాశాల నుంచి బయలుదేరిన వైద్యులు మద్రాసు, వెల్లూరు, హైదరాబాదు, బెంగళూరు పీఠాలు పెంచిన విద్యకు పునాదిరాళ్ళను మోసుకువెళ్ళారు. ఇక ఆ విద్య ఈ నేలకు తిరిగి రావాలి. 1953లో పడిన గీత పాలనకు అవసరమైనది, దాన్ని ఎవరూ చెరపనవసరం లేదు. ఆలూరు నుంచి వచ్చినా సిరుగుప్ప నుంచి వచ్చినా, కాళ్ళలో సత్తువ ఇంకా మిగిలి ఉండగానే రోగి సరైన వైద్యుని ముందుకు చేరితే చాలు. అలా చేర్చగల వైద్యులను తయారుచేయడమే ఈ సంస్థ రాబోయే దశాబ్దాలకు పెట్టుకోదగిన వ్రతం.